పార్టీకి ఇటాలియన్ స్టైల్ స్క్యూయర్స్: స్టవ్ వెలిగించకుండా ఏమేం చేయొచ్చు?

శ్రావణమేఘం (డాలస్)
అందరికీ నమస్కారం. జూన్ మొదటి శనివారం సాయంత్రం మా అబ్బాయి గ్రాడ్యుయేషన్ పార్టీ, ఇంటి వెనక పెరట్లోనే పెట్టుకుంటున్నాం. 40 మంది దాకా వస్తారు. బిర్యానీ, బగారా బైంగన్, పెరుగన్నం క్యాటరింగ్‌కి చెప్పేశాం, స్టార్టర్స్ మాత్రం నేనే చేస్తానన్నాను. వేయించే పని పెట్టుకోదలచుకోలేదు, వచ్చినవాళ్లతో కూర్చుని మాట్లాడాలని ఉంది. పుల్లకి చిన్న టమాటా, మోజరెల్లా చీజ్ ఉండ, బేసిల్ ఆకు గుచ్చుతారు కదా, అలాంటివి పెట్టమని వాడే అడిగాడు. ఎన్ని చేయాలి, ఎంత ముందుగా చేసి పెట్టొచ్చు, ఇక్కడి ఎండకి ఏమవుతాయి, ఇవీ నా సందేహాలు. సగం మందికి పైగా శాకాహారులు, వాళ్లలో కొందరు ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. చేసిన అనుభవం ఉన్నవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

పద్మపప్పుచారు (న్యూజెర్సీ)
ముందు లెక్క చెప్తాను శ్రావణమేఘం గారూ. గంటలో భోజనం ఉన్నప్పుడు మనిషికి నాలుగు పుల్లలు చాలు. అంటే 160. అన్నీ ఒకటే రకం వద్దు, అలాగని ఆరు రకాలూ వద్దు, మూడు చాలు. టమాటా మోజరెల్లావి సగం, అంటే 80. మిగతా రెండు రకాలు చెరో 40.

చిన్న మోజరెల్లా ఉండలు నీళ్లలో వేసి డబ్బాల్లో అమ్ముతారు, డబ్బా మీద చిలియెజీనే అని ఉంటుంది, ఒక్కోటి చెర్రీ పండు అంత. 8 ఔన్సుల డబ్బాలో 20 పైచిలుకు ఉంటాయి. 80 పుల్లలకి నాలుగు డబ్బాలు. బొక్కొంచీని అని రాసి ఉన్నవి ఇంతకన్నా చాలా పెద్దవి, అవి తెస్తే సగానికో పావుకో కోయాలి, కోసిన చోట నీరు కారుతుంది, అందుకే చిన్నవే వెతికి తెచ్చుకోండి. పెర్లీనే అనే మరీ చిన్నవి పుల్లకి పగిలిపోతాయి.

తూరినోతమ్ముడు (తూరినో, ఇటలీ)
అక్కా, నేను ఇక్కడ చదువుకుంటున్నాను. సాయంత్రం ఆరు దాటాక అపెరితీవో అని బార్లలో ఏదో ఒక డ్రింక్‌తో పాటు చిన్న చిన్న తినుబండారాలు పెడతారు. ఆలివ్‌లు, చిప్స్, మోర్తదెల్లా అనే పంది మాంసం సాసేజ్ ముక్కలు, జున్ను ముక్కలు, చాలావాటికి టూత్‌పిక్ గుచ్చి ఉంటుంది. వెనిస్‌లో అయితే బాకరో అనే చిన్న కొట్లలో చిక్కెత్తి అని ఇలాంటివే వరసగా పేర్చి పెడతారు, ఆలివ్, ఊరబెట్టిన చిన్న ఉల్లిపాయ, ఆంచొవీ చేప కలిపి పుల్లకి గుచ్చినవి కూడా కనిపిస్తాయి. ఎక్కడ చూసినా ఒక్కటే పద్ధతి, పుల్లకి రెండు మూడు వస్తువులే. ఐదారు రంగులు గుచ్చి పొడుగ్గా చేసినవి నేను ఇక్కడ చూడలేదు.

మీ అబ్బాయి అడిగింది కాప్రేసే సలాడ్‌నే పుల్లకి ఎక్కించడం. నేపుల్స్ దగ్గరి కాప్రి దీవి పేరు దానికి. ఎరుపు, తెలుపు, ఆకుపచ్చ, వాళ్ల జెండా రంగులే. టమాటా, మోజరెల్లా, బేసిల్, ఆలివ్ నూనె, ఉప్పు. అంతే. ఇంత తక్కువ వస్తువులు ఉన్నప్పుడు ఒక్కటి బాగాలేకపోయినా దాచడానికి వేరే మసాలా ఏమీ ఉండదు, కాబట్టి టమాటా మీద పెట్టే శ్రద్ధే సగం పని. కొనేముందు వాసన చూడండి. తొడిమ దగ్గర టమాటా వాసన రావాలి. ఇంటికి తెచ్చాక ఫ్రిజ్‌లో పెట్టకండి, చల్లదనానికి రుచి చచ్చిపోతుంది.

కారంపొడి (గుంటూరు)
తమ్ముడూ నువ్వు చెప్పేది బాగానే ఉంది గానీ మనవాళ్ల నాలుకకి ఇది చప్పగా ఉంటుంది. మా ఇంట్లో ఫంక్షన్‌కి ఇలాంటివి పెడితే పెద్దవాళ్లు ఒకటి తిని పక్కన పెట్టేస్తారు. నా సలహా, మోజరెల్లా బదులు పనీర్ ముక్కలు పెట్టి పైన చాట్ మసాలా చల్లండి. ఖర్చూ తక్కువ, అందరూ తింటారు.

తూరినోతమ్ముడు (తూరినో, ఇటలీ)
అన్నా, పనీర్ మీద నాకు ప్రేమే. కానీ ఈ పుల్లలో మోజరెల్లా చేసే పని పనీర్ చేయలేదు. పనీర్ అంటే పాలు విరగ్గొట్టి నొక్కేసిన ముద్ద, కొరికితే పొడిపొడిగా ఉంటుంది. మోజరెల్లాకి పెరుగులా తోడుకున్న పాలని ముక్కలు చేసి, వేడినీళ్లలో వేసి లాగుతారు, అందుకే పొరలు పొరలుగా, మెత్తగా సాగుతూ, లోపల పాలు పట్టుకుని ఉంటుంది. టమాటా పులుపు, ఆ పాల తీపి నోట్లో కలవడమే దీని రుచి. పచ్చి పనీర్ పెడితే అది వేరే వంటకం, చాట్ మసాలాతో అది కూడా బాగుంటుంది, దాన్ని పనీర్ చాట్ పుల్ల అనే పెట్టండి, ఇటాలియన్ అని మాత్రం వద్దు.

కారం కావాలంటే ఇటలీలోనే ఉంది కదా. దక్షిణాన కలాబ్రియా వాళ్లు మనలాగే మిరపకాయ మనుషులు, ప్రతిదాంట్లో పెపెరొంచీనో వేస్తారు, దియమాంతే అనే ఊళ్లో ఏటా సెప్టెంబర్‌లో మిరపకాయల పండగే చేస్తారు. మీ గుంటూరు ఎండుమిరపనే కచ్చాపచ్చాగా దంచి ఆలివ్ నూనెలో వేసి ఆ నూనె పైన చిలకరించండి. చాట్ మసాలాలోని ఆమ్‌చూర్, నల్లుప్పు వాసన బేసిల్‌ని తొక్కేస్తుంది, మిరప అలా చేయదు.

కారంపొడి (గుంటూరు)
మిరపకాయ మనుషులు అన్నావు, ఇంక నేను కాదనేదేముంది. ఆ నూనె ఎలా చేయాలో కూడా చెప్పు.

చిన్నకిచెన్ (హైదరాబాద్, కూకట్‌పల్లి)
అది నేను చెప్తానండీ. నేను ఇంటి నుంచే చిన్న పార్టీలకి ఆర్డర్లు చేస్తాను, ఈ పుల్లలు చాలాసార్లు పంపాను. కప్పు ఆలివ్ నూనె సన్నటి సెగ మీద గోరువెచ్చగా మాత్రమే చేసి, స్టవ్ ఆపేసి, రెండు చెంచాల కచ్చాపచ్చా ఎండుమిరప, చిటికెడు ఉప్పు, ఇష్టమైతే ఒరెగానో వేసి మూత పెట్టండి. రెండు గంటల్లో రంగు, ఘాటు దిగుతాయి. నూనె పొగ వచ్చేదాకా కాచారంటే మిరప మాడి చేదు వస్తుంది. పచ్చి వెల్లుల్లి వేసి ఆ నూనెని బయట రోజుల తరబడి నిలవ ఉంచొద్దు, నూనె అడుగున గాలి తగలని వెల్లుల్లిలో బోటులిజం క్రిమి పెరిగే ప్రమాదం ఉంది. ఎలాగూ మీ దగ్గర వెల్లుల్లి తిననివాళ్లు ఉన్నారు కాబట్టి అసలు వేయకండి.

ఇక అసలు విషయం. ఈ పుల్లలు పాడయ్యేది రుచి దగ్గర కాదు, నీటి దగ్గర. చీజ్‌లో నీరు, టమాటాలో నీరు, ఉప్పు తగలగానే రెండూ నీరు వదులుతాయి, అరగంటలో ప్లేటు అడుగున తెల్లటి మడుగు, అందులో నానిన బేసిల్. ఎంత మంచి సరుకు తెచ్చినా ఇది ఒక్కటి చూసుకోకపోతే చూడ్డానికే బాగుండదు. అందుకని చీజ్ ఉండల్ని డబ్బాలోంచి తీసి జల్లెడలో వేసి, తర్వాత పేపర్ టవల్ మీద ఒక వరసగా పరిచి, పైన ఇంకో టవల్ కప్పి ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచండి. టమాటాలు కడిగి గుడ్డతో పూర్తిగా తుడవండి, కోయకుండా మొత్తంగానే గుచ్చండి. గుండ్రటి చెర్రీ టమాటా కన్నా పొడుగ్గా ద్రాక్షపండులా ఉండేది మంచిది, కండ ఎక్కువ, రసం తక్కువ. ఉప్పు ముందుగా వేయొద్దు. నూనె, ఉప్పు, మిరియాలు మూడూ ప్లేటు టేబుల్ మీదకి వెళ్లే ముందే.

గుచ్చే వరస కూడా చెప్తాను. మొదట టమాటా, తర్వాత మడతపెట్టిన బేసిల్ ఆకు, చివర చీజ్. ఆకు మధ్యలో నొక్కుకుని ఉంటే గాలి తక్కువ తగులుతుంది, నల్లబడదు. చివర అంచు ఆకుతో పెడితే ఫోటోకి బాగుంటుంది, గంటలో వాడిపోతుంది. పుల్లలు 10, 12 సెంటీమీటర్లవి, పైన ముడి ఉన్న వెదురువి తీసుకోండి, పట్టుకోడానికి వీలు. నీళ్లలో నానబెట్టాల్సిన పని లేదు, అది నిప్పుల మీద కాల్చేవాటికే.

శ్రావణమేఘం (డాలస్)
చిన్నకిచెన్ గారూ, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాకు, చాలా థ్యాంక్స్. బేసిల్ గురించి అడగాలి. కొన్న రెండో రోజుకే ఫ్రిజ్‌లో నల్లగా అయిపోతోంది. ఇంట్లో తులసి ఉంది, అది వేయొచ్చా?

పెరటిమొక్క (రాజమండ్రి)
తులసి వద్దమ్మా. పూజ సంగతి పక్కన పెట్టినా రుచికి కుదరదు, దాంట్లో లవంగం ఘాటు ఉంటుంది, పచ్చిగా నమిలితే మందు తిన్నట్టే ఉంటుంది. రెండూ ఒకే కుటుంబం మొక్కలు, జాతి వేరు. మన సబ్జా గింజలు ఇచ్చే రుద్రజడ మాత్రం బేసిల్ జాతిదే. ఎండాకాలం షర్బత్‌లో వేసుకునే ఆ గింజల్ని మట్టిలో చల్లితే వారంలో మొలుస్తాయి. ఆకు కొంచెం చిన్నది, సోంపు లాంటి ఘాటు ఎక్కువ, ఇటలీ రకం జెనొవేజే ఆకు వెడల్పుగా, మెత్తగా, తియ్యటి వాసనతో ఉంటుంది. అది దొరక్కపోతే రుద్రజడ లేత ఆకులు నిస్సంకోచంగా వాడండి.

నల్లబడటానికి కారణం చలి. బేసిల్ వేడి ప్రాంతం మొక్క, 10 డిగ్రీల కిందకి వెళ్తే ఆకు కణాలు దెబ్బతిని మచ్చలు పడతాయి. కాడల కింది చివర కత్తిరించి పూలగుత్తిలా గ్లాసు నీళ్లలో పెట్టి వంటింట్లోనే ఉంచండి, ఎండ నేరుగా తగలకుండా, పైన వదులుగా ప్లాస్టిక్ కవర్ కప్పండి. మూడు నాలుగు రోజులు నవనవలాడుతుంది. పార్టీకైతే కుండీలో మొక్కే కొనేయండి, కట్ట కన్నా చవక. ఆకులు కత్తితో కోయకుండా చేత్తో తుంచండి. తడి ఆకు త్వరగా నల్లబడుతుంది, కడిగాక ఆరబెట్టాకే గుచ్చాలి.

తూరినోతమ్ముడు (తూరినో, ఇటలీ)
పెరటిమొక్క గారు చెప్పింది వందశాతం. ఇక్కడ సూపర్‌మార్కెట్‌లో కూడా బేసిల్ కుండీలు బయట అరల్లోనే ఉంటాయి.

ఆవకాయ్_అట్లాంటా (అట్లాంటా)
ఎవరూ బల్సమిక్ గురించి మాట్లాడలేదేంటి? ఆ నల్లటి చిక్కటి తీపి పులుపు సాస్ లేకపోతే నాకు కాప్రేసే తిన్నట్టే ఉండదు.

తూరినోతమ్ముడు (తూరినో, ఇటలీ)
కాప్రి ఉన్న కంపానియాలో అది వేయరు అండీ, బల్సమిక్ ఉత్తరాన మోదెనా వైపుది. మంచి టమాటా సీజన్‌లో నూనె, ఉప్పుతోనే తింటారు. నాకు అదే ఇష్టం.

చిన్నకిచెన్ (హైదరాబాద్, కూకట్‌పల్లి)
నేను మాత్రం వేస్తాను, కారణం ఉంది. హైదరాబాద్‌లో దొరికే టమాటాకి ఏడాదంతా ఆ తీపి ఉండదు, బల్సమిక్ ఆ లోటు తీరుస్తుంది. డాలస్‌లో జూన్ మొదట్లో మంచి టమాటా దొరికితే మానేయొచ్చు, రుచి చూసి నిర్ణయించుకోండి.

చేయడం సులువు. మామూలు మోదెనా బల్సమిక్ వెనిగర్ ఒక కప్పు చిన్న గిన్నెలో సన్నటి సెగ మీద పెట్టి మూడో వంతుకి వచ్చేదాకా ఇగరబెట్టండి, 15 నిమిషాలు పట్టొచ్చు. గరిటె వెనక పూతలా అంటుకుంటే ఆపేయాలి, చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. కిటికీ తీసి చేయండి, ఆ ఆవిరి ముక్కులోకి ఘాటుగా కొడుతుంది. సంప్రదాయ బల్సమిక్ అని 100 మిల్లీలీటర్ల చిన్న సీసాల్లో వచ్చేది వేరు, అది కనీసం 12 ఏళ్లు చెక్క పీపాల్లో మాగుతుంది, ఖరీదు ఎక్కువ, దాన్ని కాచకూడదు. పుల్లల మీద ముందే పోస్తే చీజ్ గోధుమ రంగుకి తిరిగి మురికిగా కనిపిస్తుంది. పక్కన చిన్న గిన్నెలో పెట్టి ముంచుకోమనండి, ఇష్టం లేనివాళ్లకి ఇబ్బంది ఉండదు.

ఆవకాయ్_అట్లాంటా (అట్లాంటా)
పక్కన గిన్నెలో పెట్టడం నాకు నచ్చింది. మిరప నూనె కూడా ఇంకో గిన్నెలో పెడితే కారంపొడి గారి పెద్దవాళ్లు కూడా తింటారు.

గోదారిగట్టు (సియాటిల్)
శాకాహారుల విషయం ఎవరూ పట్టించుకోవట్లేదు, ఇది చాలా ముఖ్యం. చీజ్ అంటే పాలే కదా, వెజ్ అని మనం అనుకుంటాం. పాలు తోడుపెట్టడానికి వాడే రెన్నెట్ దూడ కడుపులోంచి తీసింది కావచ్చు. పర్మిజానో, గ్రానా పదానో అనే గట్టి జున్నుల్లో అదే, పెకొరీనో అనే గొర్రెపాల జున్నులో ఎక్కువగా గొర్రెపిల్లది. 1996 నుంచి యూరప్ రక్షిత పేరు ఉన్న కంపానియా గేదెపాల మోజరెల్లాలో కూడా దూడ రెన్నెటే. ఇండియాలో ప్యాకెట్ మీద ఆకుపచ్చ చుక్క చూసి కొనేస్తాం, అమెరికాలో ఆ చుక్క లేదు. లేబుల్ మీద మైక్రోబియల్ రెన్నెట్ (సూక్ష్మజీవులతో చేసింది) లేదా వెజిటేరియన్ రెన్నెట్ అని రాసి ఉందేమో చూడండి. ఉత్త ఎంజైమ్స్ అని ఉంటే దేనిదో తెలియదు, అది వదిలేయడమే మంచిది. మన ఇంటికి నమ్మి వచ్చినవాళ్లకి తెలియక కూడా అలాంటిది పెట్టకూడదని నా అభిప్రాయం.

ఇంకో రెండు విషయాలు. పెస్తో అనే బేసిల్ సాస్ కొనకండి, దాంట్లో ఆ జున్నులూ ఉంటాయి, వెల్లుల్లీ ఉంటుంది. నూనెలో నానబెట్టిన ఆలివ్‌లు, ఆర్టిచోక్‌లు, ఎండబెట్టిన టమాటాల సీసాల్లో కూడా చాలావాటిలో వెల్లుల్లి ఉంటుంది. ఉప్పునీళ్లలో ఉన్న ఉత్త ఆలివ్‌లు తీసుకుని మీరే నూనె, ఒరెగానో, నిమ్మ తొక్క తురుము కలుపుకోండి.

శ్రావణమేఘం (డాలస్)
గోదారిగట్టు గారూ, రెన్నెట్ గురించి నాకు తెలియనే తెలియదు. మా అత్తగారు కూడా వస్తున్నారు, ఆవిడ గుడ్డు కలిసిన కేక్ కూడా ముట్టుకోరు. చెప్పినందుకు చాలా సంతోషం. రెండో రకానికి లోపల చీజ్ నింపిన తోర్తెల్లీనీ పాస్తా ఉడికించి ఆలివ్‌తో గుచ్చుదామని అనుకుంటున్నాను, సరేనా?

గోదారిగట్టు (సియాటిల్)
తోర్తెల్లీనీ పిండిలో గుడ్డు ఉంటుందండీ. లోపల పర్మిజానో కూడా ఉంటుంది. మీ అత్తగారికి కుదరదు.

తూరినోతమ్ముడు (తూరినో, ఇటలీ)
పైగా తోర్తెల్లీనీ బొలోన్యా, మోదెనా వాళ్ల వంటకం, అక్కడ వేడి వేడి మాంసం రసంలో వేసి తింటారు. చల్లారిన పాస్తా ఎండకి గట్టిపడి పుల్ల మీద రబ్బరులా అవుతుంది, నేనైతే వద్దంటాను.

రెండో రకానికి ఇది చేయండి. పెద్ద ఆకుపచ్చ ఆలివ్, గింజ తీసింది. సిసిలీలోని కాస్తెల్వెత్రానో ఆలివ్ దొరికితే అదే తీసుకోండి, ఉప్పు తక్కువ, వెన్నలా మెత్తగా ఉంటుంది, మొదటిసారి ఆలివ్ తినేవాళ్లు కూడా ఇష్టపడతారు. దాని పక్కన కాల్చి తొక్క తీసిన ఎర్ర క్యాప్సికం ముక్క మడిచి, తర్వాత ఒక ఘాటైన గట్టి జున్ను ముక్క. ప్రొవొలోనే బాగుంటుంది, రెన్నెట్ చూసుకుని. క్యాప్సికం సీసాలో కాల్చింది దొరుకుతుంది, స్టవ్ పని లేదు, వెల్లుల్లి లేనిది చూడండి.

పద్మపప్పుచారు (న్యూజెర్సీ)
నల్ల కలమాటా ఆలివ్‌లు ఇంట్లో ఉంటే అవే వేసేయొచ్చు కదా?

తూరినోతమ్ముడు (తూరినో, ఇటలీ)
వేయొచ్చు పద్మ గారూ, అవి గ్రీస్‌వి, ఉప్పు, పులుపు ఎక్కువ. అరగంట మంచినీళ్లలో నానబెట్టి తుడిచి గుచ్చండి.

చిన్నకిచెన్ (హైదరాబాద్, కూకట్‌పల్లి)
మూడోది ఖర్బూజా పెట్టండి. ఇటలీలో ఎండాకాలం ఖర్బూజా ముక్కకి ప్రొషూత్తో చుట్టి తినడం చాలా పాత అలవాటు. ప్రొషూత్తో అంటే పంది తొడ మాంసం, ఉప్పు మాత్రమే పట్టించి ఏడాదికి పైగా ఆరబెడతారు, కాగితం అంత పల్చగా కోస్తారు. ఆ ఉప్పదనం, పండు తీపి కలిస్తే అద్భుతం. కానీ పంది తిననివాళ్లు మనలో ఎక్కువ కాబట్టి 40 పుల్లల్లో పది మాత్రమే అలా చేసి, వేరే ప్లేటులో, వేరే చిమటాతో, వేరే టేబుల్ మీద చీటీ రాసి పెట్టండి. మిగతా 30కి ఖర్బూజా, మోజరెల్లా, పుదీనా ఆకు. పైన మిరియాలు దంచి వేసి నిమ్మరసం రెండు చుక్కలు. మా ఆర్డర్లలో పిల్లలు ముందు ఖాళీ చేసేది ఇదే. మెత్తబడిన పండు వద్దు, పుల్ల దిగేటప్పుడు కొంచెం గట్టిగా అనిపించాలి.

ఖర్బూజా కోసే ముందు తొక్కని బ్రష్‌తో రుద్ది కడగడం మర్చిపోకండి. ఆ గరుకు తొక్క సందుల్లో మట్టి ఉంటుంది, కత్తి దాన్ని లోపలికి తీసుకెళ్తుంది. 2011లో అమెరికాలోనే లిస్టీరియా అనే బ్యాక్టీరియా సోకిన ఖర్బూజాలు తిని 30 మందికి పైగా చనిపోయారు.

వైద్యురాలు_విశాఖ (విశాఖపట్నం)
ఆ విషయం ఎత్తారు కాబట్టి నేను చెప్పాలనుకున్నది చెప్తాను. డాలస్‌లో జూన్ సాయంత్రం 32 డిగ్రీలు దాటే అవకాశమే ఎక్కువ. తాజా చీజ్, కోసిన ఖర్బూజా, మాంసం, ఇవి మామూలు గది వేడిలో రెండు గంటలకి మించి బయట ఉండకూడదు, 32 డిగ్రీలు దాటితే గంటే. అన్నీ ఒకేసారి బయట పెట్టేయకండి. మూడు విడతలుగా పెట్టండి, ప్లేటు ఖాళీ కాగానే ఫ్రిజ్‌లోంచి ఇంకో ప్లేటు. అంచున్న పెద్ద ట్రేలో ఐస్ పోసి దాని మీద సర్వింగ్ ప్లేటు పెట్టండి, నీడలో.

పసిపిల్లలు వస్తుంటే ఇంకో జాగ్రత్త. ఐదేళ్ల లోపు వాళ్లకి మొత్తం చెర్రీ టమాటా, ద్రాక్షపండు, ఆలివ్, చీజ్ ఉండ, ఇవన్నీ గొంతుకి అడ్డం పడే సైజులోనే ఉంటాయి. వాళ్లకి పుల్ల లేకుండా, నిలువుగా నాలుగు ముక్కలు చేసి చిన్న గిన్నెలో ఇవ్వండి. పుల్ల పట్టుకుని పరిగెత్తనివ్వొద్దు. గర్భిణీలు ఉంటే పాశ్చరైజ్ చేసిన పాలతో చేసిన చీజేనా అని చూసుకోండి, ఆరబెట్టిన పచ్చి మాంసాల జోలికి వాళ్లు వెళ్లకపోవడం మంచిది.

పాడిరైతు_పామర్రు (పామర్రు)
ఇదంతా చదువుతుంటే ఒక ఆలోచన వచ్చింది. మోజరెల్లా అసలుది గేదెపాలతో అంటున్నారు. మనకి ఊరూరా గేదెలే కదా. ఇంట్లో చేయలేమా?

చిన్నకిచెన్ (హైదరాబాద్, కూకట్‌పల్లి)
చేయొచ్చు అన్నా, నేను చేస్తాను. మన గేదెపాలలో వెన్న 6, 7 శాతం ఉంటుంది, చాలా బాగా వస్తుంది. 4 లీటర్ల పాలకి ఒకటిన్నర చెంచా నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) నీళ్లలో కరిగించి చల్లటి పాలలో కలపాలి, 32 డిగ్రీలకి వేడి చేసి, పావు చెంచా వెజ్ రెన్నెట్ మంచినీళ్లలో కలిపి పోసి కదపకుండా ఉంచాలి. పది నిమిషాల్లో పెరుగులా గట్టిపడుతుంది. కత్తితో గళ్లుగా కోసి 40 డిగ్రీల దాకా వేడి చేసి నీరు వంచేయాలి. ఆ ముద్దని 75, 80 డిగ్రీల వేడినీళ్లలో వేసి గరిటెతో, తర్వాత చేతి తొడుగులు వేసుకుని చేత్తో మడిచి మడిచి లాగాలి, నిగనిగలాడుతూ సాగితే అయినట్టే. ఉండలు చేసి ఉప్పు కలిపిన చల్లటి నీళ్లలో వేయాలి. పాలు ముందుగా పొంగించి కాస్తే మాత్రం రాదు, అమెరికాలో అల్ట్రా పాశ్చరైజ్డ్ అని ఉన్న పాలతో కూడా రాదు. పచ్చిపాలైతే 63 డిగ్రీల దగ్గర అరగంట ఉంచి చల్లార్చి వాడండి, ఆరోగ్యానికీ మంచిది, చీజూ వస్తుంది.

40 మందికి మాత్రం ఇంట్లో చేయడం మొదలుపెట్టకండి. ఇంట్లో నలుగురికి చేసుకుని రుచి చూడండి.

తూరినోతమ్ముడు (తూరినో, ఇటలీ)
గేదెపాల మోజరెల్లా గురించి నాదొక మాట. అది ప్లేటులో పెట్టుకుని తినడానికి. కోస్తే పాలు కారతాయి, అదే దాని గొప్ప. పుల్లకి గుచ్చితే ఆ పాలన్నీ కారిపోతాయి, డబ్బు దండగ. పుల్లలకి ఆవుపాలతో చేసిన ఫియోర్ ది లాత్తే ఉండలే సరైనవి.

పాడిరైతు_పామర్రు (పామర్రు)
ఇక్కడ రెన్నెట్ ఎక్కడ దొరుకుతుంది?

చిన్నకిచెన్ (హైదరాబాద్, కూకట్‌పల్లి)
ఆన్‌లైన్‌లో తెప్పించుకోవడమే తేలిక. పొడి, ద్రవం రెండూ వస్తాయి, మోతాదు బ్రాండ్‌ని బట్టి మారుతుంది కాబట్టి సీసా మీద రాసింది చూసి వేయండి, నేను చెప్పిన పావు చెంచా నా దగ్గరున్న ద్రవానికి.

కారంపొడి (గుంటూరు)
శ్రావణమేఘం గారూ, ఒక ప్లేటు పనీర్ చాట్ పుల్లలు కూడా పెట్టండి, తమ్ముడు చెప్పినట్టు ఆ పేరుతోనే. మా పిన్నిలాంటివాళ్లు ఎవరో ఒకరు ఉంటారు.

శ్రావణమేఘం (డాలస్)
తప్పకుండా పెడతానండీ. ఇప్పటికి అనుకున్నది రాస్తున్నాను, తేడా ఉంటే చెప్పండి. శుక్రవారం సాయంత్రం మిరప నూనె, బల్సమిక్ చేసి పెట్టుకుంటాను. కాప్రేసే 80కి నాలుగు డబ్బాలు, ఖర్బూజా 30కి రెండు, మొత్తం ఆరు డబ్బాల చిలియెజీనే, మైక్రోబియల్ రెన్నెట్‌వి. రెండు కుండీల బేసిల్ ఈ వారమే కొని వంటింటి గట్టు మీద పెడతాను. శనివారం మధ్యాహ్నం రెండింటికి చీజ్ ఆరబెట్టి, మూడింటి నుంచి మా అమ్మాయి, దాని ఫ్రెండ్స్ గుచ్చుతారు, అతిథులు ఐదున్నరకి. ఉప్పు, నూనె ఐదుంపావుకి. ఒక్కటే అనుమానం మిగిలింది, ఖర్బూజా ముందు రోజు రాత్రే కోసి పెట్టుకోవచ్చా? శనివారం పొద్దున్న చాలా పని ఉంటుంది.

చిన్నకిచెన్ (హైదరాబాద్, కూకట్‌పల్లి)
ఖర్బూజా శుక్రవారం రాత్రి కోయొచ్చు. ముక్కలు మూత గట్టిగా ఉన్న డబ్బాలో, అడుగున పేపర్ టవల్ వేసి ఫ్రిజ్‌లో పెట్టండి. పుదీనా, నిమ్మరసం, మిరియాలు అప్పుడు కలపకండి. గుచ్చేముందు జల్లెడలో పది నిమిషాలు వదిలేస్తే ఊరిన నీరు పోతుంది. గుచ్చిన పుల్లలన్నీ ట్రేలో పరిచి కొంచెం తడిపి పిండిన పేపర్ టవల్ కప్పి ఫ్రిజ్‌లోనే ఉంచాలి. ఆ రెండు గంటల చలికి బేసిల్ అంచులు కొద్దిగా నల్లబడొచ్చు, అది ఇష్టం లేకపోతే టమాటా, చీజ్ మాత్రం ముందు గుచ్చి ఆకుకి కొంచెం ఖాళీ వదిలేయండి, ఐదింటికి నలుగురు పిల్లలు కూర్చుంటే 80 ఆకులు పది నిమిషాల్లో దూర్చేస్తారు.